జెబెల్ షమ్స్ మీద కోటి సోమవారం

ఆ శనివారం పొద్దున్నుంచి మా వదిన ఏమీ తినలేదు. చక్కెర జబ్బుకు వేసుకునే మాత్ర మాత్రం మానకుండా వేసుకుంది. మొదటి సంగతి నాకు తెలుసు. దాని మీద మస్కట్ నుంచి కొండ దాకా ఆవిడతో వాదిస్తూనే ఉన్నాను. రెండో సంగతి మధ్యాహ్నం దాకా తెలియదు. ఏటా పదో తరగతి పిల్లలకు క్లోమం బొమ్మ వేసి, అది ఏం పని చేస్తుందో చెప్పేదాన్ని నేను. "మాత్ర వేసుకున్నారా?" అన్న ఒక్క ప్రశ్న నా నోట రాలేదు. మిగిలిన ప్రశ్నలన్నీ వచ్చాయి.

వదిన అంటే మా ఆయనకు అక్క. అరవై రెండేళ్ల మనిషి. కాకినాడ నుంచి రెండు నెలల విజిట్ వీసా మీద వచ్చి దార్సైట్‌లో మా ఫ్లాట్‌లో ఉంది. వచ్చిందే కార్తీక మాసంలో. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, బాల్కనీలో దీపం, ఆ తర్వాత కృష్ణుడి గుడి. పదిహేనేళ్లుగా ఆ గుడికి అంత దగ్గర్లో ఉంటూ నేనొక్కసారి కూడా మెట్లెక్కలేదని మూడో రోజుకల్లా కనిపెట్టింది. అయినా మా ఇద్దరికీ పడేది. వంట కలిసి చేసుకునేవాళ్లం, పోట్లాట కూడా వంటతోపాటే సాగేది.

నా పోట్లాటకు ఒక పుట్టుక ఉంది. మా నాన్న హేతువాద సభలకని గుంటూరు జిల్లా అంతా సైకిల్ మీద తిరిగినవాడు. గ్రహణం పట్టినప్పుడు నన్ను వేదిక ఎక్కించి ఊరందరి ముందూ ఇడ్లీలు తినిపించాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాలుగు ఇడ్లీలు తిని, ఏమీ కాకుండా దిగి వచ్చాను. ఆయన నాకు నేర్పిన వాదసూత్రం ఒకటుంది: ఎదుటివాడు ఎక్కడ నోరు మూసుకుంటాడో అక్కడ నువ్వు గెలిచినట్టు. దాన్ని నలభై ఏళ్లు నమ్మాను. వ్యాసాల్లో వాడాను, సభల్లో వాడాను, స్టాఫ్ రూములో వాడాను. ఆ శనివారం కొండ అంచున వాడాను.

జెబెల్ షమ్స్‌కు వెళ్దామన్నది వదినే. ఆ పేరుకు సూర్యుడి కొండ అని అర్థమని మా ఆయన చెప్పినప్పటి నుంచి ఆవిడకు అక్కడ నిలబడి ఒక్క నమస్కారం పెట్టుకోవాలని కోరిక. ఎన్నుకున్న రోజు కోటి సోమవారం. కార్తీకంలో శ్రవణా నక్షత్రం ఏ రోజు పడితే ఆ రోజును కోటి సోమవారం అంటారు. వారంతో పని లేదు. ఆ ఒక్కరోజు ఉపవాసం ఉండి నక్షత్రాలు చూశాక తింటే కోటి సోమవారాలు ఉపవాసం చేసిన ఫలం వస్తుందట. ఆ ఏడు అది శనివారం నాడు పడింది.

ముందురోజు సాయంత్రం చింతపండు పిసుకుతూ అన్నాను. "సోమవారం శనివారం నాడు రావడమేమిటి వదినా? మీ దేవుడికి క్యాలెండరు చూడ్డం రాదా?"

ఆవిడ తల కూడా ఎత్తలేదు. "ఈ దేశంలో ఆదివారం శుక్రవారం నాడు వస్తోంది. ఆదివారం పూట బ్యాగు తగిలించుకుని బడికి పోతున్నావు. అది నీకు ఎబ్బెట్టుగా లేదు గానీ నా సోమవారం మీద పడ్డావేంటే మరదలా?"

నవ్వాను. కానీ ఓడిపోయినట్టు కాదు. నా దగ్గర ఒక పథకం ఉంది. పులిహోర, దద్ధ్యోజనం, బొబ్బట్లు కట్టుకుని వెళ్తాను. ఆ లోయ అంచున గాలికి కూచోబెట్టి డబ్బా మూత తీస్తాను. ఆ వాసనకు ఏ వ్రతం నిలుస్తుందో చూద్దాం. అంటే నాకు కావలసింది ఆవిడ తినడం ఒక్కటే కాదు, నా మాట నెగ్గి తినడం. ఇప్పుడు రాస్తుంటే అది స్పష్టంగా కనబడుతోంది.

మా ఆయనకు ఆ రోజు డ్యూటీ. కంపెనీ బండినీ డ్రైవరునూ పంపాడు. డ్రైవరుది జగిత్యాల దగ్గర పల్లె, నలభై ఐదేళ్లుంటాయి. సైట్లో మట్టి మోయడానికి వచ్చి, లైసెన్సు తీసుకుని డ్రైవరయ్యాడు. కొండ కింద అల్ హమ్రా దగ్గర క్యాంపులో ఐదేళ్లున్నాడు కాబట్టి కొండ దారి తెలుసు, కొండ మనుషులతో మాట్లాడేంత అరబ్బీ తెలుసు. వదినను పెద్దమ్మా అంటాడు. నన్ను మేడం అంటాడు.

ఆరున్నరకు బయల్దేరాం. నిజ్వా దాటేదాకా నేను నక్షత్రాల గురించి చెప్పాను. శ్రవణం అని మనం పేరు పెట్టినవి ఒకదానికొకటి సంబంధం లేనంత దూరంలో ఉన్న మూడు నక్షత్రాలని, వాటికి కాకినాడలో ఎవరు తిన్నారో ఎవరు పస్తున్నారో పట్టదని చెప్పాను. వదిన వింది.

"వాటికి పట్టకపోతే పోనీ. నాకు పట్టింది."

"ఎందుకు పట్టాలి?"

"మా ఆయన పోయిన ఏడు మొదలుపెట్టాను. పదకొండేళ్లయింది. ఒక్క ఏడు తప్పలేదు. ఇప్పుడు నీ కారెక్కానని తప్పించుకోనా?"

"మీరు తినడం మానేస్తే అన్నయ్యగారికి ఏం ఒరుగుతుంది?"

డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. "మేడం, ముంగట అంత కంకర రోడ్డే. మీరిద్దరు కొట్లాడుతుంటె నాకు స్టీరింగ్ మీద ధ్యాస ఉంటలేదు."

"నువ్వు చెప్పు నాయనా," అంది వదిన. "మీ ఊళ్లో కార్తీకం ఉపవాసాలుండరూ?"

"మా అమ్మ ఉంటది పెద్దమ్మా. నేను క్యాంపుల రోజు ఉపాసమే ఉంటి. ఆ మెస్సుల కూర తిననీకె రాకపోయేది."

అందరం నవ్వాం. ఆ రోజు అందరం కలిసి నవ్వింది అదే ఆఖరు.

పదకొండు దాటాక కొండ మీది ఆ చివరి పల్లె చేరాం. నాలుగు రాతి ఇళ్లు, ఉన్నితో అల్లిన తాళంచెవుల గొలుసులు అమ్మే ఆడపిల్లలు, ఎక్కడ చూసినా మేకలు. అక్కడినుంచి లోయ గోడను పట్టుకుని ఒక కాలిబాట పోతుంది. ఒక పక్క కొండ. రెండో పక్క ఏమీ ఉండదు. కిలోమీటరు లోతున ఎండిన వాగు సన్నటి తెల్లగీతలా కనిపిస్తుంది. బాట చివర ఎప్పుడో వదిలేసిన ఊరు, కొండచరియ కింద ఇళ్లు. దేశదేశాల నుంచి ఆ బాట నడవడానికి వస్తారు. మేం మొదలుపెట్టేసరికి పొద్దున వెళ్లినవాళ్లు చేతికర్రలతో తిరిగి వస్తున్నారు.

తిండి డబ్బాలు బండిలోనే ఉంచాం, తిరిగొచ్చాక తిందామని. గుడ్డసంచిలో నీళ్లు, ఒక బిస్కెట్ ప్యాకెట్, రెండు కమలాలు వేసుకున్నాను. వదిన చీర కుచ్చెళ్లు పైకి దోపి, అల్ ఖౌద్‌లో కొన్న తెల్ల బూట్లు తొడుక్కుంది. సూర్యుడికి నమస్కారం పెట్టుకుంది. "పద," అంది.

మొదటి అరగంట బాగానే నడిచింది. ఒక మలుపు దగ్గర చరియ నీడలో ముసలాయన కూచుని ఉన్నాడు. తలకు పాత రంగుల గుడ్డ చుట్టుకున్నాడు. చేతిలో కదురు తిరుగుతోంది. మేక వెంట్రుకలు కలిసిన ఉన్నిని వేళ్లతో సాగదీస్తూ, కదురు వంక చూడకుండానే దారం వడుకుతున్నాడు. పక్కన ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా. వదిన ఆగిపోయింది.

"తకిలీ. మా బళ్లో మేం వడికేవాళ్లం."

ముసలాయన ఫ్లాస్కు ఎత్తి చూపించి ఏదో అన్నాడు. "ఖహ్వా, అదే ఈళ్ల కాఫీ, తాగి పొమ్మంటుండు," అన్నాడు డ్రైవరు. "ఈడ గట్లనే. దారిన పోయెటోళ్లను ఉత్తగ పోనియ్యరు."

నేను గుండె మీద చెయ్యి పెట్టి వద్దని తల ఊపాను. త్వరగా ఆ ఊరు చేరాలనుకున్నాను. అంతకంటే నిజం చెప్పాలంటే వాదం మంచి పట్టులో ఉంది, మధ్యలో ఎవరూ రావడం నాకిష్టం లేదు.

ఇంకో ఇరవై నిమిషాల నడక తర్వాత ఒక చదును రాయి దగ్గర ఆగాం. సంచి కింద పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని మరీ మొదలుపెట్టాను. వ్రతాలన్నీ ఆడవాళ్ల కడుపుల మీదే ఎందుకు నడుస్తాయని అడిగాను. మొగుడు చచ్చినా పెళ్లాం పస్తు, బతికినా పెళ్లాం పస్తు, ఇదేం న్యాయమని అడిగాను. ఆ మాటలు ఇప్పుడైనా వెనక్కి తీసుకోను. అవి నిజాలు. కానీ ఆ నిజాలు చెబుతున్నప్పుడు నా కళ్లు ఎవరి మీద ఉన్నాయన్నది వేరే ప్రశ్న.

వదిన ఒక్కసారి విసురుగా అంది. "నోర్ముయ్యవే."

ఆవిడ నన్ను అంత మాట ఎన్నడూ అనలేదు. దెబ్బ తగిలిందనుకున్నాను. తర్వాత ఇంకేం మాట్లాడలేదు. నేను అడిగినవాటికి జవాబు లేదు. లోయ వంక చూస్తూ కూచుంది. నాన్న సూత్రం గుర్తొచ్చింది. గెలిచాను.

వెనక ఏదో చిరిగిన చప్పుడైంది. మేక ఒకటి గుడ్డసంచిని పక్క బండ మీదికి లాక్కుపోయి బిస్కెట్ ప్యాకెట్‌ను కాగితంతో సహా నములుతోంది. కమలాల తొక్కలు కూడా లేవు. డ్రైవరు రాయి విసిరాడు. అది రెండడుగులు జరిగి నమలడం సాగించింది.

"లేవండి వదినా, పోదాం," అన్నాను.

ఆవిడ లేచింది. ఒక అడుగు వేసింది. రెండో అడుగు లోయవైపు వేసింది.

డ్రైవరు చెయ్యి పట్టి లాగాడు. గోడకు ఆనించి కూచోబెట్టాడు. ఆవిడ ముఖం చూసి నా వైపు తిరిగాడు.

"పెద్దమ్మకు గీ చెమట్లేంది మేడం? గింత చలిగాలి కొడుతుంటె?"

అప్పుడు చూశాను. ఆ గాలికి నేను చెవులకు చున్నీ చుట్టుకుని ఉన్నాను. వదిన నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా కారుతోంది. జాకెట్టు వీపంతా తడిసింది. చేతివేళ్లు వణుకుతున్నాయి.

"మా రూమ్‌ల ఒకాయనకు షుగర్ ఉండె. గిట్లనే అయితుండె. గోలీ ఏసుకున్నదా ఏంది?"

చేతిసంచి విప్పాను. మాత్రల అట్ట దొరికింది. తిండికి ముందు వేసుకోవలసిన రకం. ఒక గడి కొత్తగా చిరిగి ఉంది.

"వదినా, ఇది పొద్దున వేసుకున్నారా?"

ఆవిడ మాట ముద్దగా వచ్చింది. "డాక్టరు ఎప్పుడూ మానొద్దన్నాడు. దేవుడు తినొద్దన్నాడు. ఇద్దరి మాటా విన్నాను. ఎవరి మాట కాదనమంటావే?"

ఇద్దరి మాటా విన్న మనిషి మా మధ్య చెమటలు కక్కుతూ కూచుంది. ఆరు గంటల కింద మింగిన మాత్ర ఒంట్లో ఉన్న చక్కెరనంతా తోడేస్తోంది. పైనుంచి చక్కెర పడకపోతే ఏమవుతుందో నేను బోర్డు మీద రాయగలను. తికమక, స్పృహ తప్పడం, మూర్ఛ. కారు గంట దూరంలో ఉంది, బొబ్బట్లు కారులో ఉన్నాయి, ఫోనులో సిగ్నల్ లేదు. మేక నములుతూనే ఉంది.

"ముసలాయన దగ్గర ఖర్జూరాలున్నయి," అన్నాడు డ్రైవరు. అంటూనే పరుగెత్తాడు.

ఆ పదిహేను ఇరవై నిమిషాలు నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కూచున్నాను. పేరడిగితే చెప్పింది. ఏ ఊళ్లో ఉన్నామంటే కాకినాడ అంది. "రేవు దగ్గరికి పోదాం, పడవ వస్తుంది," అని లేవబోయింది. లోయలో కింద ఎక్కడో పెద్ద గద్ద తిరుగుతోంది. దాని వీపు మాకు పైనుంచి కనిపిస్తోంది. నేను గద్ద వీపును అలా చూడటం అదే మొదటిసారి. అంత ఎత్తున ఉన్నాం.

డ్రైవరు వచ్చాడు. వెనకే ముసలాయన, ఆ వయసులో మేకలా రాళ్ల మీద కాలు వేస్తూ. చేతిలో డబ్బా, ఫ్లాస్కు, నడుముకు దోపిన కదురు. నేను డబ్బా లాక్కుని ఖర్జూరం గింజ తీసి ఆవిడ నోటి దగ్గర పెట్టాను.

పెదవులు బిగించింది.

"తినండి. ఇది మందు. మందుకు ఉపవాసం లేదు."

తల అడ్డంగా ఊపింది. ముసలాయన డ్రైవరును ఏదో అడిగాడు. డ్రైవరు చెప్పాడు. ముసలాయన మళ్లీ అన్నాడు.

"ఉపాసమా అని అడుగుతుండు. అవునన్న. వాళ్ల దాంట్ల రోగమున్నోళ్లకు ఉపాసం లేదట."

నేను అందుకున్నాను. "విన్నారా? రంజాన్ నెలంతా ఉపవాసం ఉండేవాళ్లే చెబుతున్నారు. మీ దేవుడు అంతకంటే కఠినుడా? అలాంటి దేవుణ్ణి ఎందుకు పూజిస్తున్నారు?"

అంత తికమకలోనూ ఆవిడకు జవాబు దొరికింది. "అది వాళ్ల దేవుడి మాట. నాకు నా దేవుడు చెప్పాలి. నువ్వు చెబితే అసలు తినను."

నువ్వు చెబితే అసలు తినను. నేను చేసిన పని అది. పొద్దుటి నుంచి ప్రతి మాటకూ మాట వేసి, తినడమంటే నాకు లొంగడమే అన్నట్టు చేశాను. ఇప్పుడు ఆవిడ తినాలంటే నా చేతిలో ఓడాలి. ఎరుక పోతున్న మనిషికి కూడా ఆ ఒక్కటీ మరుపు రాలేదు.

భయం పట్టలేక దవడ పట్టుకుని ఖర్జూరం నోట్లో కుక్కబోయాను. ఆవిడ రెండు చేతులతో నా రొమ్ము మీద తోసింది. నా కాలి కింద రాళ్లు జారాయి. డ్రైవరు నా చున్నీ పట్టుకున్నాడు. జారిన రాళ్లు అంచు దాటి పోయాయి. వాటి చప్పుడు కోసం అందరం విన్నాం. చాలాసేపటికి గాని వినపడలేదు.

"మేడం, మీరు జెర దూరం కూసోండ్రి," అన్నాడు. గట్టిగానే అన్నాడు. దూరంగా కూచున్నాను.

ముసలాయన తొందరపడలేదు. వదిన ఎదురుగా మఠం వేసుకు కూచున్నాడు. ఫ్లాస్కులోంచి రెండు చిన్న కప్పుల్లోకి ఖహ్వా వంచాడు. వాటిని ఫింజాన్ అంటారు. పిడి ఉండదు, గుక్కెడు పడుతుంది. ఒకటి తన ముందు పెట్టుకుని, రెండోది కుడిచేత్తో వదినకు అందించాడు. ఎవరైనా చేతికి అందిస్తే కాదనడం ఆవిడకు చేతకాదు. పెళ్లిళ్లలో తాంబూలం అందుకున్నట్టు అందుకుంది. అందుకుని, తాగకుండా పక్కన రాయి మీద పెట్టింది.

ముసలాయన నోటిదాకా ఎత్తిన తన కప్పును దించేశాడు. రాయి మీద, ఆవిడ కప్పు పక్కనే పెట్టాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని చూస్తూ కూచున్నాడు. తర్వాత నెమ్మదిగా ఒక మాట అడిగాడు.

డ్రైవరు నా వైపు చూశాడు, తర్వాత ఆవిడ వైపు తిరిగాడు. "పెద్దమ్మా. ఈళ్లకు ఒక కట్టుబాటుంటది. వచ్చినోళ్లు కప్పు తాగకుంట కింద పెట్టిన్రంటె, ఏదో అడగనీకె వచ్చిన్రన్నట్టు. అది ఇస్తననేదాంక వాళ్లు తాగరు. వాళ్లు తాగేదాంక ఈయన తాగడు. ఏం గావాల్నో అడుగమంటుండు."

"నాకేం వద్దు. ఆయన్ని తాగమను."

చెప్పాడు. ముసలాయన తల ఊపాడు, కాదని.

"తాగడట. పొద్దుగాల మేకలతోని ఎల్లిండు, ఏం తినలేదట. మీరు తాగినంక తింటడట."

వదిన కళ్లు ఒకచోట నిలవడం లేదు. అయినా ఆ మాట లోపలికి వెళ్లింది. ముప్పై ఏళ్లు ఎవరెవరికో వడ్డించి ఆఖర్న తిన్న మనిషి. తన మూలంగా ఒకరు విస్తరి ముందు చెయ్యి ముడుచుకుని కూచోవడం ఆవిడ ఎరగదు.

"ఇదేం గొడవ," అంది. "ఆయన్ని పస్తుపెట్టడానికా నేనొచ్చింది?"

నాకు నోటి దాకా మాట వచ్చింది. 'మరి తినండి' అన్న రెండు ముక్కలు. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని కొరికాను. నా బతుకులో నేను చేసిన కష్టమైన పనుల్లో అదొకటి.

ఆవిడ చూపు ముసలాయన నడుము దగ్గర ఆగింది. "ఆ వత్తి ఇమ్మను," అంది. "పున్నమి దీపానికి."

డ్రైవరు చెప్పాడు. ముసలాయన కదురు తీశాడు. మూరెడు దారం సాగదీసి పంటితో తెంపాడు. దాన్ని చుట్ట చుట్టి ఆవిడ అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. తర్వాత ఖర్జూరం ఒకటి పట్టుకుని, కప్పు వైపు చూపించాడు. ముందు తీపి, తర్వాత చేదు. అక్కడి వరస అది.

వదిన నా వంక చూసింది. నేనేమైనా అంటానేమోనని చూసింది. ఒక్క మాట అన్నా, కాస్త నవ్వినా ఆ ఖర్జూరం లోయలో పడేది. నేను ముఖం తిప్పుకుని గద్దను చూశాను. అది ఇంకా తిరుగుతూనే ఉంది.

వెనక నమిలిన చప్పుడు వినపడింది. గింజ రాయి మీద పడిన చప్పుడు. తర్వాత ఖహ్వా గుక్క. ఆ తర్వాత ముసలాయన గుక్క. "ఇంకోటి తినండ్రి పెద్దమ్మా, ఒక్కటి తింటె బాగుండదట," అన్నాడు డ్రైవరు. అది ముసలాయన అన్నాడో, డ్రైవరే కల్పించాడో నేనడగలేదు. ఆరు గింజలు పడ్డాయి.

పావుగంటకు చెమట ఆగింది. ఇంకో పావుగంటకు ఆవిడ తన తెల్లబూట్ల వంక చూసుకుని, "ఇదేంటి, ఇంత మట్టి కొట్టుకున్నాయి," అంది. అప్పుడు ఏడ్చాను. లోయవైపు తిరిగే ఏడ్చాను.

తిరుగుదారిలో ముసలాయన కారు దాకా మాతో నడిచాడు, కదురు తిప్పుతూ. డబ్బులివ్వబోతే డ్రైవరు నా చెయ్యి ఆపాడు. పులిహోర డబ్బా ఇచ్చాం. అది తీసుకున్నాడు. ఆ మాత్ర చాలాసేపు పని చేస్తుంది కాబట్టి దారిలో గంటకొకసారి తినిపిస్తూ నిజ్వా ఆసుపత్రికి తీసుకెళ్లాం. మూడు గంటలు కనిపెట్టి చూసి పంపేశారు. బయటికి వచ్చేసరికి చీకటి పడిపోయింది. వదిన కార్ల మధ్య నిలబడి ఆకాశం చూసింది. నేను పక్కన నిలబడ్డాను.

"చెడింది," అంది కారెక్కుతూ. "పదకొండేళ్లది ఇవాళ చెడింది."

ఈ సంగతి చెప్పినప్పుడల్లా స్నేహితులు రెండు రకాలుగా ఆనందిస్తారు. భక్తులేమో చూశావా, ఆచారం ప్రాణం కాపాడింది అంటారు. నేను ఒప్పుకోను. ప్రాణం మీదికి తెచ్చిందీ ఆచారమే. కాపాడింది ఖర్జూరంలోని చక్కెర. ఆ చక్కెరను నోటిదాకా తెచ్చినవి ముసలాయన తెలివి, డ్రైవరు కాళ్లు. కప్పు దించడం వట్టి అలవాటో, ఆవిడ బిగించిన పెదవులు చూసి ఆయన వేసిన ఎత్తో నేనింకా తేల్చుకోలేదు. ఎత్తే అనుకుంటాను. నా హేతువాద మిత్రులేమో మరి ఆవిడకు బుద్ధి వచ్చిందా అని అడుగుతారు. వాళ్లకు చెప్పేది ఇంకా కష్టం. ఉపవాసం తప్పని నేననడంలో పొరపాటు లేదు. కానీ గంటల తరబడి ఆవిడ నమ్మకాన్ని పరీక్షించాను, ఒక్కసారీ ఆవిడ నాడి పట్టి చూడలేదు. మౌనం ఓటమికి గుర్తని నేర్చుకున్నదాన్ని కాబట్టి, నా ఎదుట ఒక మనిషి మెదడుకు చక్కెర అందక మూగబోతుంటే గెలుపు అనుకుని సంతోషపడ్డాను. వేదిక మీద ఆ సూత్రం పనికొస్తుందేమో గాని, మనిషి పక్కన నడిచేటప్పుడు పనికిరాదు. నాన్న ఉంటే ఈ మాట ఆయనతోనే వాదించేదాన్ని.

మర్నాడు సాయంత్రం వదిన ఆ దారాన్ని ప్రమిదలో వేసి నూనె పోసింది. పున్నమికని దాచకుండా ముందే ఒకసారి వెలిగించి చూద్దామంది. ఉన్ని వత్తిలా వెలగదని నాకు తెలుసు. అగ్గిపుల్ల పెట్టింది. చిటపటమని ముడుచుకుని, వెంట్రుకలు కాలిన కంపు కొట్టి ఆరిపోయింది. నా వంక చూసింది. నేను కిటికీ తెరిచాను. మిగిలిన ముక్కను కడిగి, మాత్రల అట్టకు చుట్టి పెట్టుకుంది.

వారం తిరిగేసరికి కార్తీక పున్నమి వచ్చింది. ఆ తెల్లవారి నేను బడికి తయారవుతుంటే వదిన వంటింట్లోకి వచ్చింది. తడిజుట్టు, నుదుట విభూతి. దారం చుట్టిన ఆ అట్టను గట్టు మీద నా ముందు పెట్టింది.

"ఇవాళ ఉపవాసం," అంది. "ఇది వేసుకోనా, మాననా?"

నలభై ఏళ్ల జవాబు నాలుక మీద సిద్ధంగా ఉంది. ఉపవాసమే మానండి. అది అంటే ఆవిడ అట్ట తీసుకుని వెళ్లిపోతుంది, వేసుకున్నదీ లేనిదీ నాకు ఎప్పటికీ తెలియదు.

"నాకు తెలియదు వదినా," అన్నాను. "అడుగుదాం ఉండండి."

బడికి ఫోను చేసి ఆలస్యంగా వస్తానని చెప్పాను. బౌషర్‌లో ఆసుపత్రి తెరిచేది ఎనిమిదికి. ఆవిడ చీర మార్చుకోవడానికి వెళ్లింది. అట్ట నా చేతిలోనే ఉంచి వెళ్లింది.